హైదరాబాద్ నుంచి లాంగ్ రైడ్లకి హిమాలయన్ 450 సరిపోతుందా?

మీ ప్రశ్న ఇది: ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్లాలి, నెలకోసారి భార్యతో కలిసి గండికోట, అరకు లాంటి దూరాలు వెళ్లాలి, ఎప్పటికైనా లడఖ్ చూడాలి. పది నిమిషాల టెస్ట్ రైడ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 నచ్చింది, బరువు చూస్తే మాత్రం భయమేసింది. తీసుకోవచ్చా అని అడిగారు.

తీసుకోవచ్చు. కానీ ఆ పది నిమిషాలని లెక్కలోకి తీసుకోకండి. బండి నచ్చిందని చెప్పడానికీ అవి చాలవు, భయపడటానికీ చాలవు. దూరాలు తిరిగే బండి ఎలాంటిదో ఆరో గంటలో తెలుస్తుంది. నేను 2024 మొదట్లో ఈ బండి తీసుకున్నాను. ఇప్పటికి 26 వేల కిలోమీటర్లు తిరిగాను, అందులో సగానికి పైగా మా ఆవిడ వెనక కూర్చునే.

ఇంజిన్ గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. 452 సీసీ, లిక్విడ్ కూలింగ్, 40 పీఎస్, ఆరు గేర్లు. నాలుగు లేన్ల హైవే మీద కూడా మన దగ్గర టూవీలర్ స్పీడ్ లిమిట్ గంటకి 80 కిలోమీటర్లే. కాబట్టి 140 కొడుతుందా అన్నది మనకి అనవసరం. ఇద్దరు మనుషులు, పాతిక కిలోల సామానుతో వెళ్తూ ముందున్న లారీని దాటాల్సి వస్తే బండిలో ఇంకా ఊపిరి ఉందా అన్నదే చూసుకోవాలి. దీనికి ఉంది, ఒక గేరు దించితే చాలు. దించకుండా 3000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) లోపల పై గేర్లో లాగాలని చూస్తే కుదుపులు మొదలవుతాయి. పాత హిమాలయన్ 411 నడిపి వచ్చినవాళ్లకి ఈ అలవాటు మార్చుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది.

మీ భయం బరువు గురించి కదా, దాని దగ్గరికి వస్తాను. పెట్రోల్‌తో కలిపి 196 కిలోలు. బండి కదులుతున్నంతసేపూ ఆ బరువు తెలియనే తెలియదు. బంకులో వెనక్కి నెట్టేటప్పుడు, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద ఆగినప్పుడు, కంకర మీద యూటర్న్ తీసుకునేటప్పుడు తెలుస్తుంది. సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, కావాలంటే 845కి పెంచుకోవచ్చు. 805 ఉండే లో సీటు విడిగా దొరుకుతుంది. నాదీ దాదాపు మీ ఎత్తే. 825లో రెండు పాదాలూ పూర్తిగా ఆనవు, మునివేళ్లు ఆనుతాయి. ఒక్క కాలు గట్టిగా ఆనితే చాలన్న నమ్మకం నాకు రెండు వారాల్లో వచ్చింది.

మొదటి నెలలోనే వికారాబాద్ దగ్గర అనంతగిరిలో పడేశాను. ఫొటో కోసం రోడ్డు దిగి, మెల్లగా తిప్పుతూ ఎడమ కాలు పెట్టబోతే అక్కడ నేల జానెడు కిందికి ఉంది. బండి అలా ఒరిగిపోయింది. ముందు నుంచుని హ్యాండిల్ పట్టుకుని లాగాను, అంగుళం కూడా లేవలేదు. అటుగా వచ్చిన పాల వ్యాను డ్రైవర్ దిగి చూపించాడు. ముందు ఇంజిన్ ఆపు. హ్యాండిల్‌ని ఒక పక్కకి పూర్తిగా తిప్పు. సీటుకి నడుము ఆనించి, వీపు బండి వైపు పెట్టి గొంతుక్కూర్చో. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక కూర్చునేవాళ్లు పట్టుకునే గ్రాబ్ రైల్ పట్టుకో. చేతులతో లాగకుండా తొడల బలంతో లేస్తూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వెయ్. లేచేసింది! బండి కుడి పక్కకి పడితే ఎత్తే ముందు సైడ్ స్టాండ్ తెరిచి, ఫస్ట్ గేర్లో ఉంచాలి, లేకపోతే అవతలి పక్కకి పడిపోతుంది. కొనే ముందే ఇది ఎవరి దగ్గరైనా నేర్చుకోండి. మీ భయం సగం అక్కడే పోతుంది.

వెనక కూర్చునేవాళ్ల సంగతి ఎవరూ అడగరు, మీరు మీ ఆవిడ మాట ఎత్తినందుకు సంతోషం. మొదటి కర్నూలు ట్రిప్పులో ఎన్‌హెచ్ 44 మీద నేను ఉత్సాహంగా బీచుపల్లి దాకా ఆగకుండా వెళ్లిపోయాను. కృష్ణ వంతెన దగ్గర ఆపితే మా ఆవిడ దిగి రెండు అడుగులు కూడా వేయలేకపోయింది. మోకాళ్లు పట్టేశాయి. నేను ముందు హాయిగా కూర్చున్నాను కాబట్టి నాకు తెలియనే లేదు, అది ఇప్పటికీ నాకు బాధే. అప్పటి నుంచి గంటంపావుకి ఒకసారి ఆగుతాం, టీ తాగినా తాగకపోయినా. ఆపమని చెప్పాలంటే తను నా ఎడమ భుజం రెండుసార్లు తడుతుంది, నేను ఎందుకని అడగను. సామాను కూడా తన వీపు వెనక టాప్ బాక్సులో పేర్చడం మానేసి, రెండు పక్కల సంచుల్లో కిందికి సర్దుతున్నాను. బరువంతా వెనక పైన ఉంటే మలుపుల్లో ముందు చక్రం తేలిపోతున్నట్టు ఉంటుంది.

ట్యాంకు 17 లీటర్లు. ఇద్దరం వెళ్తే నాకు లీటరుకి 28 దాకా వస్తోంది. కాగితం మీద ఫుల్ ట్యాంకుకి 470 కిలోమీటర్లు దాటాలి, కానీ నేను 350కే బంకు వెతుక్కుంటాను.

టైర్ల దగ్గర మాత్రం జాగ్రత్తగా వినండి. ముందు 21 అంగుళాలు, వెనక 17 అంగుళాల స్పోక్ చక్రాలు. నా బండికి లోపల ట్యూబులు. కోవెలకుంట్ల దాటి జమ్మలమడుగు వెళ్తుండగా వెనక పంక్చర్ అయింది, మిట్ట మధ్యాహ్నం. ట్యూబ్‌లెస్ అయితే పది నిమిషాల్లో ప్లగ్గు గుచ్చి గాలి కొట్టుకుని బయల్దేరేవాళ్లం. ఇక్కడ చక్రం ఊడదీయాలి. నా దగ్గర ఇరుసు నట్టుకి సరిపోయే స్పానర్ లేదు, బండికి సెంటర్ స్టాండ్ లేదు. ఆటోలో వచ్చిన పంక్చర్ షాపు పెద్దాయన ఇంజిన్ కింద ఒక దుంగ పెట్టి, మా ఇద్దరినీ చెరో పక్కా పట్టుకోమని పని పూర్తి చేసేసరికి రెండున్నర గంటలు పట్టింది. ఆయన అడిగింది మూడు వందలు, చాలా తక్కువ. తర్వాత ఈ బండికి ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు కూడా వచ్చాయి. ఇంకేం తగ్గించుకున్నా సరే, అవి వదలొద్దు. స్పానర్, పంక్చర్ కిట్టు, చిన్న ఎయిర్ పంపు సీటు కింద కాకపోతే సంచిలో అయినా ఉండాలి.

వేరే బళ్ల గురించి రెండు మాటలు. రోజూ ట్రాఫిక్కే ఎక్కువ, లాంగ్ రైడ్ అప్పుడప్పుడే అంటే సుజుకి వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్ తప్పకుండా చూడండి. 249 సీసీయే, కానీ 167 కిలోలు, సిటీలో ప్రాణానికి సుఖం. ఇద్దరితో ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం ఓపిక కావాలి, ట్యాంకు కూడా 12 లీటర్లే. కేటీఎం 390 అడ్వెంచర్ చురుకైన బండి, ఒక్కరే వెళ్లేవాళ్లయితే నేను దాన్నే ముందు చూడమనేవాణ్ని. ధరల దగ్గర ఒకటి గుర్తుపెట్టుకోండి: 350 సీసీ దాటిన బైకులకి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం. పాత వీడియోల్లో చెప్పే రేట్లు నమ్మకుండా షోరూంలో ఆన్ రోడ్ ధర కాగితం మీద రాయించుకోండి.

ఇక నిర్ణయానికి ముందు ఒక పని చేయండి. ఇదే మోడల్‌ని రెండు రోజులకి అద్దెకి తీసుకోండి. శనివారం తెల్లవారుజామున ఇద్దరూ శ్రీశైలం బయల్దేరండి. ఔటర్ రింగ్ రోడ్డు మీదకి టూవీలర్లని రానివ్వరు కాబట్టి మియాపూర్ నుంచి సిటీ మొత్తం దాటాల్సిందే, ఆ క్లచ్ నొప్పి కూడా పరీక్షలో భాగమే. కడ్తాల్, కల్వకుర్తి, డిండి దాకా మామూలు రోడ్డు, మన్ననూరు చెక్‌పోస్టు దాటాక నల్లమల అడవి, దోమలపెంట తర్వాత డ్యామ్ దగ్గర ఘాట్ మలుపులు. రానూపోనూ నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిలో రాకపోకలు ఆపేస్తారు, కాబట్టి తిరుగు ప్రయాణం వెలుగుండగానే పెట్టుకోండి. అడవిలో మెల్లగా వెళ్లండి, కోతులు, జింకలు ఉన్నట్టుండి రోడ్డు మీదకి వస్తాయి.

తిరుగు ప్రయాణంలో కల్వకుర్తి దగ్గర ఆగినప్పుడు మీ మణికట్లు, నడుము ఎలా ఉన్నాయో చూసుకోండి. మీ ఆవిడని కూడా అడగండి, మొహమాటం లేకుండా చెప్పమనండి. ఆదివారం పొద్దున అదే బండి తీసి గచ్చిబౌలి దాకా ఒక్కసారి వెళ్లి రండి. ఎత్తు, సీటు, బరువు గురించి మీరడిగినవాటికి నాకంటే మంచి జవాబు ఆ రెండు రోజుల్లో మీకే దొరుకుతుంది. దారి గురించి ఏమైనా సందేహాలుంటే ఇక్కడే అడగండి, చెప్తాను.