పాత చెప్పులతోని రబ్బరు కప్పలు ఐతయా? మేడ మీద పోసుకునేటోడి జవాబు

ప్రశ్న ఇది: "మాది దేవరకొండ దిక్కు. కొర్రమట్టలకు వేసే రబ్బరు కప్పలు, రబ్బరు ఎర్రలు తామరల్ల చిక్కి వారానికి రెండు మూడు తెగిపోతున్నయి. కొనలేకపోతున్న. పాత హవాయి చెప్పులో, పైపు ముక్కలో కరగబెట్టి ఇంట్లనే పోసుకోవచ్చునా?"

పోసుకోవచ్చు. చెప్పులతోని మాత్రం కాదు, పైపు ముక్కలతోని అసలే కాదు.

ఆ పొరపాటు నేను చేసిన కాబట్టి ముందుగాల అదే చెప్త. చెప్పుల రబ్బరు తయారీలనే ఒకసారి ఉడికి గట్టిపడ్డ సరుకు. మళ్ళ పొయ్యి మీద పెడితే కరగది, మాడి బొగ్గయితది. పైపు సంగతి ఇంకా మోసం. పైపు పీవీసీనే, లూర్లు (చేపను మోసంజేసే ఇసొంటి రబ్బరు, ప్లాస్టిక్ ఎరలు) కూడ పీవీసీతోనే చేస్తరు, అందుకే మనోళ్ళు పైపు కోసుకొచ్చుకుంటరు. కానీ పైపుల మెత్తదనం ఇచ్చే నూనె ఉండది. అది పారేటంత వేడి తగిలేలోపే చెడిపోయి పొగ ఇడుస్తది. పీవీసీ బరువుల 57 శాతం దాక క్లోరినే. అతిగ వేడెక్కితే అది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువై బయటికొస్తది, మన ముక్కుల, గొంతుల ఉన్న తడికి తగిలి యాసిడ్ అయితది. పాత పైపులల్ల సీసం మందులు కూడ కలిసి ఉండొచ్చు. నేను మేడ మీద చేసిన కాబట్టి సరిపోయింది, అయినా రెండు రోజులు గొంతు కోసినట్టే ఉండె.

కావల్సిన సరుకు పేరు ప్లాస్టిసోల్. పీవీసీ పొడిని మెత్తబరిచే నూనెల కలిపి పెట్టిన చిక్కటి పాల లాంటి ద్రవం. లూర్లు పోసుకునేటోళ్ళ కోసమనే ఆన్‌లైన్‌ల డబ్బాలల్ల దొరుకుతది. దాంతోని ఇంకో రెండు సీసాలు తెప్పించుకోండి: ఒకటి మెత్తబరిచేది, ఒకటి వేడికి రంగు మారకుండ కాపాడే స్టెబిలైజర్. రంగు, తళుకులు కూడ వేడికి ఆగేవే కొనాలె. పిల్లల బొమ్మల పనికి వాడే తళుకుపొడి ఏస్తే దాని రంగు కరిగి దిగిపోతది, కప్ప మొత్తం బురద రంగైతది. సరే, బురద రంగు కప్పకు కూడ చేప పడ్డది, అది వేరే కథ.

పొయ్యి ఎన్నడూ వంటింట్ల పెట్టకండి. మెత్తటి ప్లాస్టిక్ ఎర్రను మొట్టమొదట అమ్మకానికి చేసిన నిక్ క్రీమ్ 1949ల, అమెరికా అక్రన్ పట్టణంల, ఇంటి వంటపొయ్యి మీదనే మొదలుపెట్టిండు. ఈ ముచ్చట మా ఇంటామెకు చెప్పి చూసిన. "ఆయన భార్య ఊకున్నదేమో, నేను ఊకోను" అన్నది. ఆమె మాటనే కరెక్టు. మేడ మీద, గాలికి వీపు పెట్టి, కరెంటు కాయిల్ పొయ్యి మీద చేయండి. నూనె పొగలకు గ్యాసు మంట పనికిరాది. మూతి ఉన్న చిన్న స్టీలు గిన్నె ఒకటి దీనికే పక్కకు పెట్టాలె, మళ్ళ అండ్ల చాయ్ పెట్టొద్దు. చేతికి తోలు గ్లౌజులు, కండ్లకు అద్దాలు, పక్కన బకెట్ నీళ్ళు. మూతికి కట్టుకునే గుడ్డ మాస్కు ఈ వాయువును ఆపది, దాని మీద భరోసా పెట్టుకోకండి.

పాల లెక్క ఉన్న ప్లాస్టిసోల్‌ను సన్నగ వేడి చేసుకుంట కలపాలె. కొంచెం సేపటికి అది గటక లెక్క ముద్దకడ్తది. కొత్తోళ్ళందరు గక్కడనే భయపడ్తరు, చెడిపోయిందనుకొని పారబోస్తరు. నేను మొదటి డబ్బాల సగం అట్లనే పారబోసిన. ముద్దకట్టుడు తప్పు కాదు, అది మధ్యల వచ్చే దశ. కలుపుకుంట పోతే మళ్ళ పల్చబడి, తెల్లదనం పోయి గాజు లెక్క తేటగ అయితది. అప్పుడు వేడి 175 డిగ్రీల దగ్గర ఉంటది. అదే పోసే సమయం. 200 దాటితే పచ్చబడి, గోధుమరంగు తిరిగి, ముక్కు మండే వాసన మొదలైతది. వాసన వచ్చిందంటే స్విచ్ తీసి, గిన్నెను ముట్టకుండ దూరం జరగాలె.

వేడి కొలిచేటందుకు నేను మొదట్ల కరోనా నాటి జ్వరం గన్ పెట్టిన. అది "హై" అని చూపించి ఊకున్నది. మనిషి జ్వరం దాటినంక దానికి లెక్క రాది మరి. వర్క్‌షాపులల్ల వాడే టెంపరేచర్ గన్ వేరే ఉంటది, అది తీసుకోవాలె. అది కూడ పైపొర వేడినే చూపిస్తది, కాబట్టి బాగ కలిపి, కలిపిన ఎంబడే చూడాలె.

ఇగ అచ్చు. సిలికాన్ అచ్చులు, అల్యూమినియం అచ్చులు అమ్ముతరు, పైసలుంటే కొనుక్కోండి. నేను పీవోపీతోనే (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) చేస్తున్న. కొన్న కప్పనో, మైనంతోని మీరు చేసుకున్న కప్పనో ఒక గాజు పలక మీద వీపు పైకి వచ్చేటట్టు అతికించి, వాజిలిన్ సన్నగ రాసి, చుట్టు అట్టతోని గోడ కట్టి పీవోపీ పోయాలె. నీళ్ళల్ల పొడిని చల్లాలె, పొడిల నీళ్ళు పోయొద్దు, లేకపోతే గాలి బుడగలు నిండుతయి. పోసినంక పలకను కింద నుంచి నాలుగు దెబ్బలు తట్టండి.

అచ్చు గట్టిపడంగనే ఎండిందనుకునుడే అసలు ప్రమాదం. నా ఎడమ చేతి మణికట్టు మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉన్నది. వానకాలం, అచ్చు చేసి మూడు రోజులైంది, ముట్టుకుంటే పొడిగనే ఉన్నది. మరిగే ప్లాస్టిక్ పోయంగనే లోపలి తడి ఆవిరై ఎగజిమ్మింది. మరిగిన ప్లాస్టిక్ నూనె లెక్క జారిపోది, చర్మానికి అతుక్కొని కాలుస్తనే ఉంటది. అట్లయితే దాన్ని పీకొద్దు, తోలు లేచొస్తది. నీళ్ళ ధార కింద చెయ్యి పెట్టి చల్లబడేదాక ఉంచి, దవాఖానకు పోవాలె. అప్పటి సంది నేను అచ్చును రోజు పొద్దున వంటింటి త్రాసు మీద తూకమేస్త. రెండు రోజులు వరుసగ ఒక్కటే బరువు చూపిస్తే ఎండినట్టు. మన మే నెల ఎండకు నాలుగైదు రోజులల్ల అయితది. వానలల్ల వారమైనా నమ్మకండి. ఎండినంక ఫెవికాల్ సగం, నీళ్ళు సగం కలిపి మూడు పూతలు ఏసి, ప్రతి పూతను ఆరనియ్యాలె, మళ్ళ తూకమేయాలె. పూత లేకపోతే కప్ప వీపు సున్నం గోడ లెక్క గరుకుగ వస్తది.

ఇంత చేసి నేను మొదటి కప్పను పానగల్ ఉదయసముద్రం చెరువు కాడికి పట్టుకపోయిన. పక్కన మత్స్య సహకార సంఘం పెద్దమనిషి ఒకాయన కూసొని ఉండె, ఆయన బతుకంత గాలం, వల మీదనే. నేను నాలుగైదు సార్లు ఏసి లాగుడు చూసి, "బిడ్డా, నీ కప్పకు పక్షవాతం వచ్చిందా?" అన్నడు.

"ఏమైంది తాతా?"

"ఒక కాలు కొడ్తున్నది, ఒక కాలు ఈడుస్తున్నది. కప్ప ఉరికేటప్పుడు రెండు కాళ్ళు ఒక్కసారే తంతది. గట్ల పక్కకు ఒరిగి పోయేది సచ్చే కప్ప. కొర్రమట్ట ఆకలైతే దాన్నీ తింటదనుకో."

ఇంటికొచ్చి కప్పను కోసి చూసిన. ఎడమ కాలు మందం, కుడి కాలు పల్చన. అచ్చుల తప్పు లేదు, అచ్చు పెట్టిన జాగల ఉన్నది. మన మేడలు వాన నీళ్ళు పోయేటందుకు ఒకదిక్కు వాలు ఉంటయి గదా. పైన మూత లేని అచ్చుల పోసిన ప్లాస్టిక్ నీళ్ళ లెక్కనే మట్టం చూసుకుంటది, వాలు దిక్కు కాలు నిండుతది, ఇంకో కాలు ఎండుతది. మేస్త్రీ దగ్గర రసమట్టం అడుక్కొచ్చి, కింద అట్టముక్కలు పెట్టి అచ్చును సరిచేసి పోసిన. ఆ కప్ప రెండు కాళ్ళు ఒక్కతీరు తన్నింది. ఇన్ని వీడియోలు చూసిన నేను, ఈ మాట ఆ తాత నోట్లనే మొదటిసారి విన్న.

కాలు సంగతిల ఇంకోటి. కాలు పాదంతోని కలిసే చోట సన్నగ, రెండు మూడు మిల్లీమీటర్లే ఉండాలె. గక్కడ మందమైతే ఎంత మెత్తటి ప్లాస్టిక్ పోసినా పాదం కొట్టుకోది. మరీ సన్నమైతే విసిరినప్పుడే పాదం ఊడి ఎగిరిపోతది. మెత్తబరిచే నూనె కూడ చెయ్యికి వచ్చినంత పోయొద్దు. వంద మిల్లీలీటర్లకు అయిదుతోని మొదలుపెట్టి, ఒక కప్ప పోసి, చల్లారినంక నీళ్ళ తొట్టిల లాగి చూసి, మళ్ళ కలపండి. గట్టిగైన కప్పను మళ్ళ కరగబెట్టొచ్చు. పోసిన నూనెను మాత్రం వెనక్కి తియ్యలేం.

ఉప్పు కలపమని చాలమంది చెప్తరు. ఉప్పు బరువు పెంచుతది, కాబట్టి అడుగుకు పోయే ఎర్రకు మంచిదే. నీళ్ళ మీద ఉరికే కప్పకు వద్దు. అసలే మనం పోసేది గుల్ల లేని గట్టి కప్ప, గాలం బరువుకు ఆపితే మునుగుతది. బజార్ల దొరికే గుల్ల కప్ప లెక్క తామరాకు మీద కూసోబెట్టి ఆడించుడు దీంతోని కాది, ఆపకుండ చుట్టుకుంట రావాలె. గాలం మొన కప్ప పొట్టల నుంచి వచ్చి వీపు తోలుల దాగేటట్టు గుచ్చండి, వెడల్పు వంపు ఉన్న గాలం అయితేనే ఇట్ల కుదురుతది. మీకు వారానికి రెండు మూడు తెగుడు సగం ఇక్కడనే తగ్గుతది. తంగుసు దారం తీసి అల్లిక దారం ఏయండి, తామర కాడను కోసుకుంట వస్తది. కొర్రమట్ట కొట్టంగనే గుంజకండి. దారం బిగిసేదాక ఒక్క క్షణం ఓపిక పట్టి, అప్పుడు గట్టిగ గుంజాలె, దాని దవడ ఎముక లెక్క ఉంటది.

రవ్వ, బొచ్చెలకు ఇవి ఏసి టైం పాడు చేసుకోకండి, వాటి తిండి వేరే. కొర్రమట్ట, వాలుగ, ఇట్ల వేటాడే చేపలే వీటి మీదికి వస్తయి.

దాచుడుల నాకు జరిగిన నష్టం: కొత్తగ చేసిన పదిహేను కప్పలను గట్టి ప్లాస్టిక్ డబ్బాల, నా మంచి గట్టి లూర్ల పక్కన పెట్టిన. నెల తర్వాత తీస్తే కప్పల నూనె డబ్బా అడుగును తినేసి బంక చేసింది, గట్టి లూర్ల రంగు ఊడి కప్పలకు అంటింది. జిప్పు కవర్లల్ల, రంగుకొక కవరు పెట్టండి. బండి డిక్కీల ఎండకు వదిలేస్తే వంకర తిరుగుతయి, ఆ వంకర అట్లనే ఉండిపోతది.

జెలటిన్, గ్లిజరిన్‌తోని చేసుకోవచ్చని కూడ ఎవరో ఒకరు చెప్తరు. పొగ లేదు, ప్రమాదం తక్కువ, నీళ్ళల్ల పోయినా కరిగిపోతది. కానీ మన నల్లగొండ ఎండల జేబుల నుంచి చెరువు గట్టు చేరేలోపే మెత్తబడి పాకంలెక్క అయితది. చలికాలం పొద్దున పూట ఆడుకోనీకి సరే.

పైసలు మిగిలించుకోనీకి చేస్తున్న అంటే మాత్రం ఒక్కసారి ఆలోచించండి. సరుకు, గన్, పొయ్యి, పారబోసిన సగం డబ్బా అన్నీ కలిపితే నాకు మొదటి ఏడాది కొన్నదానికంటే ఎక్కువే అయింది. రెండో ఏడాది సంది గిట్టుబాటైంది, అది కూడ చిరిగిన కప్పలన్ని ఏరుకొచ్చి మళ్ళ కరగబెట్టుకునుడుతోనే. ముక్కలు నీళ్ళల్ల ఇడువకండి, అవి కుళ్ళవు, మింగిన చేప కడుపుల అడ్డం పడ్తయి.

చెరువులు మత్స్య సహకార సంఘాల చేతుల ఉంటయి, గాలమేసే ముందు వాళ్ళను అడగండి. వానలు పడ్డంక ఎర్రటి చేపపిల్లల గుంపు నీళ్ళ మీద ఆడుతుంటే దాని చుట్టు కప్ప ఏయకండి. కింద తల్లి తండ్రి కొర్రమట్టలు కావలి ఉంటయి, ఆకలి లేకున్నా కొడ్తయి. వాటిని పట్టుకుంటే ఆ పిల్లలను పక్కె పిల్ల దగ్గరినుంచి కొంగ దాక అందరు తింటరు.

మొదటి అచ్చుకు కప్ప జోలికి పోకండి. చూపుడు వేలంత ఎర్ర ఒకటి చేయండి. కాళ్ళుండవు, వాలు తప్పు బయటపడది, వేడి చెయ్యికి అలవాటైతది. పదిహేను ఎర్రలు ఒక్కతీరుగ వచ్చిన రోజు రసమట్టం తెచ్చుకొని కప్పకు దిగండి.