సవానా పుస్తకంలో తేదీలు ఎందుకు కుదరవంటే

అమెరికాలోని సవానా నగరంలో జరిగిన నిజమైన హత్య కేసు మీద జాన్ బెరెంట్ రాసిన 'మిడ్‌నైట్ ఇన్ ది గార్డెన్ ఆఫ్ గుడ్ అండ్ ఈవిల్' సగం చదివినా హత్య రాలేదనీ, తేదీలు పొంతన కుదరడం లేదనీ అడిగారు కదా. మీరేమీ వదిలేయలేదండీ. పుస్తకం రెండు భాగాలు, కాల్పులు రెండో భాగం మొదట్లోనే వస్తాయి. నిజంగా అవి జరిగింది 1981 మేలో, నిందితుడు జిమ్ విలియమ్స్ ఇల్లయిన మెర్సర్ హౌస్‌లో. రచయిత బెరెంట్ సవానాలో మకాం పెట్టింది ఆ తర్వాతే. కథ కోసం, కాల్పులకు ముందే తాను అక్కడ ఉన్నట్టు రాసుకున్నారు. చివర్లో ఉన్న రచయిత మాట ముందు చదవండి, కాలక్రమం మార్చానని ఆయనే ఒప్పుకున్నారు. కొన్ని పేర్లూ మార్చారు.

అలాగని మొదటి భాగం దాటేయకండి, పుస్తకానికి ప్రాణం అక్కడే ఉంది. ఈగల వీపుకు దారాలు అంటించి, రెండో కొస కోటుకు కట్టుకుని తిరిగే మనిషిని ఎలా వదులుకుంటాం!

విచారణల దగ్గర మాత్రం కాగితం మీద రాసుకోండి: మొత్తం నాలుగు. మొదటి రెండింట్లో జిమ్ విలియమ్స్‌కు శిక్ష, రెండూ పైకోర్టులో రద్దు. మొదటి శిక్ష రద్దయింది పోలీసు నివేదికలో కొంత భాగాన్ని డిఫెన్స్‌కు (నిందితుడి తరఫు లాయర్లకు) చూపకుండా దాచినందుకు. మూడోదాంట్లో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. 1989లో నాలుగోదాన్ని ఆగస్టా అనే మరో ఊరికి మార్చాక నిర్దోషి అన్నారు. ఈ పుస్తకం మీద తీసిన 1997 సినిమా వీటన్నిటినీ ఒకే విచారణగా కుదించింది, దాంతో సరిపోల్చుకోవద్దు.