గ్రాండ్ కాన్యన్ నడిచి దాటాలనుంది.. బీపీ మాత్రతో ఇబ్బందా?

ప్రశ్న: నా వయసు 54. కొన్నేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. షుగర్ లేదు. అమెరికాలో ఉంటున్న మా అబ్బాయితో కలిసి జూన్‌లో గ్రాండ్ కాన్యన్ అనే లోతైన లోయను ఉత్తరపు అంచు నుంచి దక్షిణపు అంచు దాకా ఒక్కరోజులో నడవాలనుకుంటున్నాం. దాహం ఉన్నా లేకున్నా గంటకో లీటరు నీళ్లు తాగితే ఏమీ కాదని, మోకాళ్లు నొప్పెడితే ఐబూప్రొఫెన్ వేసుకోమని మావాడి స్నేహితులు అంటున్నారు. పాటించవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: నడక మానుకోమని చెప్పను. కానీ ఆ రెండు సలహాలూ మీరు పాటించకూడదు. కారణం మీరు వాడే మాత్రే.

అందులోని హైడ్రోక్లోరోథయజైడ్ సోడియాన్ని మూత్రంలో బయటకు పంపేస్తుంది. ఎండలో గంటల తరబడి నడిస్తే చెమటలోనూ అదే పోతుంది. ఆపైన ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో ఉన్న కాస్త సోడియం ఇంకా పలచబడుతుంది. గ్రాండ్ కాన్యన్‌లో నడిచేవాళ్లలో వైద్యులు ఎన్నోసార్లు చూసిన సమస్య ఇది. చేతివేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోతుంది. తలనొప్పి, వికారం, వాంతులు మొదలవుతాయి. ఎండదెబ్బ అనుకుని పక్కవాళ్లు ఇంకా నీళ్లు తాగిస్తారు, అక్కడే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి దాహాన్ని బట్టే తాగండి. ఆగిన ప్రతిచోటా ఆకలి లేకపోయినా ఉప్పు బిస్కెట్లో, వేయించిన పల్లీలో తినండి. బీపీ ఉన్నవాళ్లను ఉప్పు తగ్గించమని రోజూ చెప్పేవాణ్నే, ఆ నడకలో మాత్రం ఉప్పు తినాల్సిందే.

ఇక ఐబూప్రొఫెన్. ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టాన్, థయజైడ్‌లకు ఇది కూడా తోడైతే కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినొచ్చు. సంచిలోనే పెట్టుకోవద్దు. నొప్పి మరీ ఎక్కువైతే పారాసిటమాల్ ఒకటి చాలు.

అన్నిటికంటే నాకు టెన్షన్‌గా ఉన్నది జూన్ నెల. కొండెక్కేటప్పుడు ముందు కష్టపడి తర్వాత దిగుతాం. ఇక్కడ ముందే దిగుడు. చల్లటి ఉత్తరపు అంచు నుంచి 1,750 మీటర్లు హుషారుగా దిగిపోతారు. కొలరాడో నది దగ్గర జూన్‌లో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. అలసిపోయాక దక్షిణపు అంచుకు చేర్చే బ్రైట్ ఏంజెల్ దారిలో 1,300 మీటర్లకు పైగా ఎక్కాలి. మొత్తం దాదాపు 38 కిలోమీటర్లు. వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా లోయలో నడవొద్దని పార్క్ వాళ్లే చెబుతారు. ప్రయాణం సెప్టెంబర్ చివరికి మార్చుకోండి. అప్పుడూ అడుగున వేడి ఉంటుంది, కాబట్టి లోయలో బస చేసేందుకు అనుమతి తీసుకుని రెండు రోజులుగా నడవండి. 2025 జులైలో ఉత్తరపు అంచున పెద్ద కార్చిచ్చు రేగింది. ఏ దారులు తెరిచారో, ఎక్కడ తాగునీళ్లు వస్తున్నాయో బయల్దేరేముందు పార్క్ వాళ్లను అడగండి.

కనీసం నెల ముందు సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది) పరీక్షలు చేయించి మీ డాక్టర్‌ను కలవండి. థయజైడ్ లేని మందుకు మార్చవచ్చేమో ఆయనే చెబుతారు. సొంతంగా మాత్ర ఆపొద్దు. గుండె పరీక్ష అవసరమా అనేదీ అడగండి. రోజూ మెట్లు ఎక్కడమే కాదు, దిగడం కూడా అలవాటు చేసుకోండి. మోకాళ్లపై భారమంతా పడేది దిగేటప్పుడే.

ఇది మీ అబ్బాయికి చదివి వినిపించండి: నాన్న మాట తడబడినా, అయోమయంగా ప్రవర్తించినా, ఫిట్స్ వచ్చినా నోట్లో నీళ్లు పోయకూడదు. ఒళ్లు కాలిపోతుంటే నీడకు చేర్చి, బట్టలు తడిపి విసరాలి. వెంటనే రేంజర్లకు, అంటే పార్క్ సిబ్బందికి కబురు పంపాలి. లోయలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ దొరకదు, అందుకే అత్యవసర ఫోన్లు ఎక్కడున్నాయో ముందే తెలుసుకోవాలి.