మే నెలలో దోమకొండ కోటకు కారులో ఒక్కరోజు ప్రయాణం

అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో హైదరాబాద్ నుంచి కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటకు వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చా, ఎండకు టైర్లలో గాలి తగ్గించాలా అని అడిగారు. హాయిగా వెళ్లి రావచ్చండీ. గాలి మాత్రం తగ్గించకండి. గాలి తక్కువైతే టైరు పక్కగోడలు ఎక్కువగా వంగి, వేడెక్కి పగులుతాయి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్‌పై ఉన్న ఫుల్‌లోడ్ (కారు నిండా మనుషులు, సామాను ఉన్నప్పటి) గాలి అంకె ప్రకారం, బయల్దేరేముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. స్టెప్నీ మరవద్దు. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ కూడా అప్పుడే చూడండి. వేడి ఇంజన్‌పై రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి.

ఉదయం 5:30కే బయల్దేరండి. 44వ నంబరు జాతీయ రహదారిపై మేడ్చల్, తూప్రాన్, రామాయంపేట దాటాక భిక్నూర్ దగ్గర కుడివైపు తిరగాలి. మొత్తం 100 కిలోమీటర్ల పైచిలుకు. కోటను ప్రైవేటు ట్రస్టు చూసుకుంటోంది కాబట్టి ముందురోజే ఫోన్ చేసి సందర్శన వేళలు కనుక్కోండి. ఇది తప్పనిసరి. లోపలి మహాదేవుని గుడిని తీరిగ్గా చూడండి, ఆ రాతిపని అంత బాగుంటుంది. ఈ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది.

రాతి నేల కాళ్లు కాలుస్తుంది, పెద్దవాళ్లకు సాక్సులు పెట్టండి. మనిషికి 3 లీటర్ల నీళ్లు. 11 లోపు కోట చూడటం ముగించండి. ఆగిన కారులో పిల్లల్ని, శానిటైజర్‌ని, లైటర్‌ని వదలొద్దు.