బీఎడ్ ఖర్చు 90 వేలేనా? ఇంకోసారి లెక్క వేయండి

ప్రశ్న: మాది తిరుపతి, ఎమ్మార్ పల్లి. వయసు 34. బీఎస్సీ మ్యాథ్స్ అవగానే పెళ్లయింది. పాప మూడో తరగతి, బాబు ఎల్‌కేజీ. మా ఆయన జీతం 42,000. సాయంత్రం ట్యూషన్ చెప్తే నాకు 5,000 వస్తుంది. అన్నీ పోను నెలకు 8,000 మిగులుతుంది. 3 లక్షల ఎఫ్‌డీ, కొంత బంగారం ఉన్నాయి. బీఎడ్ చేయాలనుంది. కాలేజీలో రెండేళ్లకు 90,000 అడిగారు. బీఎడ్ ఉంటే దగ్గర్లోని స్కూల్లో 15,000 ఇస్తామంటున్నారు. ఈ వయసులో చదువుకు అంత డబ్బెందుకు అంటారు ఈయన. బంగారం పెట్టి కట్టేయనా? దూరవిద్యలో చేస్తే ఖర్చు తగ్గుతుందా?

జవాబు: చేయండమ్మా. కాకపోతే మీ ఇద్దరూ 90,000 దగ్గరే ఆగిపోయి వాదించుకుంటున్నారు. అసలు ఖర్చు అది కాదు.

ట్యూషన్‌ను మీరు ఏదో చేతిఖర్చుకు వచ్చే డబ్బన్నట్టు రాశారు. కాలేజీ కోసం దాన్ని మానేస్తే 24 నెలల్లో 1,20,000 పోతుంది. ఫీజు కన్నా ఎక్కువ! ఇక బాబు స్కూలు నుంచి వచ్చాక చూసుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. నెలకు 3,000 చొప్పున ఇరవై నెలలకు 60,000. రికార్డులు, చార్టులు, పుస్తకాలకు ఇంకో 15,000 వేసుకోండి. ఫీజుతో కలిపి మొత్తం 2,85,000. బస్సు ఖర్చు వేయలేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా.

ఇప్పుడు రాబడి. 15,000లో మానేసిన ట్యూషన్ 5,000, పిల్లల్ని చూసుకునే మనిషికి 3,000 తీసేస్తే, ఇప్పటికన్నా అదనంగా వచ్చేది 7,000 మాత్రమే. పెట్టింది తిరిగి రావడానికి 41 నెలలు పడుతుంది. అదే ట్యూషన్ సగమైనా నిలబెట్టుకుంటే, అంటే పైతరగతుల పిల్లల్ని మాత్రం ఉంచుకుని 2,500 తెచ్చుకుంటే, ఖర్చు 2,25,000కి దిగుతుంది, అదనపు రాబడి 9,500 అవుతుంది. పెట్టింది రెండేళ్లలో తిరిగి వచ్చేస్తుంది. అందుకే ట్యూషన్ మొత్తం ఆపేసి చదువుతానంటే నేను ఒప్పుకోను. మీ ఆయన్ను అడగాల్సింది కూడా ఫీజు డబ్బు కాదు, సాయంత్రం గంటన్నర పిల్లల్ని చూసుకోమని.

స్కూలు వాళ్లను మాత్రం రెండు విషయాలు ముందే అడగండి: వేసవి సెలవుల్లో జీతం ఇస్తారా, టీచర్ల పిల్లలకు ఫీజు ఎంత తగ్గిస్తారు? పది నెలలే జీతమిచ్చే చోటైతే నా లెక్క మారిపోతుంది.

దూరవిద్య మీకు కుదరదు. దూరవిద్య బీఎడ్ ఇప్పటికే టీచర్ శిక్షణ పొందినవాళ్లకే. మీరు రెగ్యులర్‌గానే చేయాలి. టీచర్ శిక్షణకు నిబంధనలు పెట్టే జాతీయ మండలి ఎన్‌సీటీఈ ప్రకారం క్లాసులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. ‘నాన్ అటెండింగ్’ అని, కాలేజీకి రాకపోయినా మేం చూసుకుంటాం, ఇంకొంచెం కట్టండి అనేవాళ్లు తగులుతారు. చిన్నపిల్లల తల్లికి అది వరంలా వినిపిస్తుంది. కానీ మీకు కావాల్సింది సర్టిఫికెట్ ఒక్కటే కాదు. పన్నెండేళ్లుగా తరగతి గది ముఖం చూడని మనిషికి, స్కూల్లో డెమో క్లాసు చెప్పే ధైర్యం ఆ ఇంటర్న్‌షిప్‌లోనే వస్తుంది.

డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచరు ఉద్యోగాల పరీక్ష మీద ఆశ ఉంటే ఉండనివ్వండి, లెక్కలో మాత్రం వేయకండి. స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు టీచరు) మూలవేతనం 44,570, ఎవరికైనా నోరూరుతుంది. కానీ 2018 తర్వాత మళ్లీ పెద్ద ఎత్తున నియామకాలు జరిగింది 2025లో, 16,347 పోస్టుల మెగా డీఎస్సీతోనే. ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు పోస్టులకు బీఎడ్ పనికిరాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులోనే తేల్చేసింది. కోచింగ్ పేరుతో రెండేళ్లు ఇంట్లో కూర్చుంటే పై లెక్కంతా తలకిందులే. స్కూల్లో చేరి, పని చేస్తూనే చదవండి. టీచర్ అర్హత పరీక్ష టెట్ మాత్రం వీలైనంత త్వరగా రాసేయండి. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది, డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ కూడా ఉంది.

బంగారం పెట్టొద్దు. ఏడాదికోసారి వడ్డీ కట్టి, తిరగరాసి, నాలుగేళ్లయినా నగ ఇంటికి రాని కుటుంబాలను చాలా చూశాను. విద్యారుణం అడగలేదు గానీ, అది కూడా అక్కర్లేదు. వడ్డీ మీద పన్ను మినహాయింపు పాత విధానంలోనే ఉంది, మీ ఆయన జీతానికి కొత్త విధానంలో ఎలాగూ పన్ను పడదు. ఎఫ్‌డీలోంచే ఏడాదికి 45,000 చొప్పున కట్టండి. గడువుకు ముందే తీస్తే బ్యాంకు వడ్డీలో కొంత కోస్తుంది, అయినా బంగారం వడ్డీ కన్నా అది నయం. ఫీజంతా పోయినా ఎఫ్‌డీలో 2,10,000 మిగులుతుంది. నెలకు 39,000 ఖర్చున్న మీ ఇంటికి అది ఐదు నెలల ధీమా. దాని జోలికి వెళ్లకండి.

మనిషికి ఇచ్చే 3,000, తగ్గిన ట్యూషన్ 2,500 మీ నెలవారీ మిగులులోంచి పోతే చేతిలో 2,500 ఉంటుంది. ఇరుకే, కానీ నడుస్తుంది. పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతా ఉంటే ఈ రెండేళ్లు తగ్గించి వేయొచ్చు, ఏడాదికి కనీసం 250 వేస్తే ఖాతా ఆగదు. కొత్త చీటీ మాత్రం ఈ రెండేళ్లలో వేయకండి.

చివరగా ఆ 90,000 సంగతి. అది కాలేజీ వాళ్లు సొంతంగా ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటు ధరలా ఉంది. బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి, ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలో సీటు తెచ్చుకుంటే ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజే కట్టాలి. మీది మ్యాథ్స్, రోజూ పిల్లలకు చెప్తూనే ఉన్నారు, ర్యాంకు గురించి టెన్షన్ పడాల్సిన పని లేదు. కౌన్సెలింగ్ అయ్యేదాకా ఏ కాలేజీకీ అడ్వాన్సు ఇవ్వకండి.