ముందు గెజిట్ తేదీ, ఆ తరువాతే అలైన్‌మెంటు

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. రెండెకరాల పది గుంటల బత్తాయి తోటే మాకు ఆధారం. ఆ చెట్లన్నీ చనిపోయిన మా నాన్న చేత్తో నాటినవి. పాసు పుస్తకం ఇంకా ఆయన పేరుతోనే ఉంది. కొత్త జాతీయ రహదారికి మూడు మార్గాలు పరిశీలించి, మా తోటను ఏటవాలుగా చీల్చే మార్గాన్నే ఖాయం చేశారు. గుట్ట పక్క మార్గంలో ఒక పెద్దమనిషి వెంచర్ ఉన్నందుకే దాన్ని వదిలేశారని ఊరంతా అంటున్నారు. మా సర్వే నంబరుతో పేపర్లో ప్రకటన వచ్చి పన్నెండు రోజులైంది. కోర్టులో ఆపించవచ్చా? పాత తేదీతో ఎక్కువ ధరకు అగ్రిమెంటు రాయించుకుంటే పరిహారం పెరుగుతుందని ఒకరు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ‘పన్నెండు రోజులైంది’ అన్నదే. ఆ పన్నెండు రోజుల్లో మీరేం చేశారో మాత్రం రాయలేదు.

జాతీయ రహదారుల చట్టం, 1956లోని సెక్షన్ 3సీ ప్రకారం, 3ఏ నోటిఫికేషన్ (రహదారికి భూమి తీసుకోవాలన్న ఉద్దేశాన్ని తెలిపే ప్రకటన) ప్రచురితమైన నాటి నుంచి 21 రోజుల్లోగా భూమిపై హక్కున్నవారు రాతపూర్వకంగా అభ్యంతరం దాఖలు చేయాలి. ఆ నోటిఫికేషన్ వెలువడేది గెజిట్‌లో. దాని సారాంశం స్థానిక పత్రికల్లో ఆ తరువాత ఎప్పుడో రావచ్చు. కనుక మీరు పన్నెండు అనుకుంటున్నది గెజిట్ లెక్కలో పద్దెనిమిది అయి ఉండవచ్చు. పత్రిక తేదీ నుంచే లెక్కించాలని రేపు వాదించవచ్చు గానీ, ఆ వాదనను నమ్ముకుని గడువు పోగొట్టుకోకండి. ఈ రోజే ఈ-గెజిట్ వెబ్‌సైటు నుంచి ప్రతి తీసుకోండి.

మూడు మార్గాలను పోల్చిన నివేదిక కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, కానీ జవాబుకు 30 రోజుల గడువుంటుంది కాబట్టి, అది వచ్చాక అభ్యంతరం రాద్దామని కూర్చుంటే అసలు గడువు దాటిపోతుంది.

ఏ మార్గం మేలైనదో కోర్టు తేల్చదు. మంగళూరు ప్రాంతపు రహదారి భూములకు సంబంధించిన కుశల శెట్టి కేసులో (2011) సుప్రీంకోర్టు, అలైన్‌మెంటు (రోడ్డు ఏ దారిన వెళ్లాలన్నది) నిర్ణయం నిపుణుల పని అని స్పష్టం చేసింది. చెన్నై–సేలం రహదారి నోటిఫికేషన్లను మద్రాసు హైకోర్టు 2019లో కొట్టివేస్తే, 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు వాటిని నిలబెట్టింది. మీ అభ్యంతరాన్ని వినకుండానే తోసిపుచ్చితే మాత్రం హైకోర్టు తలుపు తట్టవచ్చు. ముందు అభ్యంతరమే వేయకపోతే అక్కడ ఏమని చెప్పుకుంటారు?

అభ్యంతరంలో నాన్నగారి జ్ఞాపకాలు, వెంచర్ పుకార్లు వద్దు. రోడ్డు పోగా ఇరువైపులా మిగిలే ముక్కల విస్తీర్ణం, బోరు ఏ ముక్కలో పడుతుంది, చెరువు కాలువ తెగుతుందా, గుట్ట పక్క మార్గంలో ప్రభుత్వ భూమి ఎంత ఉంది అన్నవి స్కెచ్, ఫొటోలతో చూపండి. వెంచర్ గురించి చెప్పాలంటే లేఅవుట్ అనుమతి, పాత అలైన్‌మెంటు డ్రాయింగు వంటి కాగితం చేతిలో ఉండాలి. స్వయంగా హాజరై చెప్పుకునే అవకాశం ఇవ్వాలని కోరి, నోటిఫికేషన్‌లో పేర్కొన్న అధికారి కార్యాలయంలో ఇచ్చి, మీ ప్రతిపై తేదీతో స్టాంపు వేయించుకోండి.

ఇన్నాళ్లూ విరాసత్ (భూమిని వారసుల పేరుకు మార్పించుకోవడం) చేయించుకోకపోవడం మీ నిర్లక్ష్యమే. వారసులందరూ సంతకాలు చేసి, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం జతచేయండి. రేపు వాటాలపై తగాదా వస్తే పరిహారం సివిల్ కోర్టుకు చేరుతుంది.

ఇక ఆ అగ్రిమెంటు జోలికి పోవద్దు. మార్కెట్ విలువను 3ఏ ప్రచురణ తేదీ నాటికి కడతారు. దానికి ఆధారం చుట్టుపక్కల రిజిస్టరైన అమ్మకాలే గానీ ఇంట్లో రాసుకున్న కాగితం కాదు. పైగా స్టాంపు కాగితం ఏ రోజు, ఎవరికి అమ్మారో విక్రేత రిజిస్టరులో ఉంటుంది. తేదీ తేడా బయటపడితే పరిహారం సంగతి తరువాత, ఫోర్జరీ కేసులో మీరే ముద్దాయి అవుతారు.

అభ్యంతరాన్ని తోసిపుచ్చి 3డీ ప్రకటన (భూసేకరణను ఖాయం చేసేది) వెలువడితే భూమి కేంద్రానికి దఖలు పడుతుంది. ఆ ప్రకటన 3ఏ వెలువడిన ఏడాదిలోగా రాకపోతే, కోర్టు స్టే ఉన్న కాలం మినహా, 3ఏ రద్దవుతుంది. ఆ తేదీ రాసిపెట్టుకోండి. పరిహార విచారణలో చెట్లు, బోరు, పైపులైన్లతో పాటు, తోట రెండు ముక్కలైనందువల్ల మిగిలిన భూమికి కలిగే నష్టాన్ని సెక్షన్ 3జీ(7) కింద విడిగా అడగండి. మొత్తం చాలకపోతే మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) వద్దకు, ఆయన తీర్పుపై మూడు నెలల్లోగా జిల్లా కోర్టుకు వెళ్లాలి. సరైన కారణం చూపితే మరో 30 రోజులు, అంతకు మించి ఒక్క రోజు కూడా దొరకదు.

సర్వే నంబరు రాసేటప్పుడు గెజిట్‌లో ఉన్న సబ్‌డివిజన్ అక్షరంతో సహా రాయండి.