గుండె దడ దగ్గర డాలర్ల లెక్కలొద్దు

అబ్బయ్యా, అమెరికాలో చదువుకుంటున్న నీకు అర్ధరాత్రి ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరాడకపోవడం, చేతులు తిమ్మిర్లు, ప్రాణం పోతుందన్న భయం, కాసేపటికి అదే తగ్గిపోవడం... నువ్వు రాసింది చూస్తే పానిక్ అటాక్‌లాగే ఉంది. అయినా ఒకసారి గుండె, థైరాయిడ్ పరీక్షలు చేయించుకో, థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ వస్తుంది.

మాది కావలి. అమెరికా వచ్చిన కొత్తలో, నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు ఒక్కటే నా బుర్రలో తిరిగేది, కాఫీ తాగాలన్నా రూపాయల్లోకి మార్చుకునేవాణ్ణి. నీలాగే దడొచ్చి ఎమర్జెన్సీకి పోతే ఈసీజీ బాగానే ఉంది, ఇది యాంగ్జైటీ, సైకియాట్రిస్టుకు చూపించుకోమన్నారు. ఆ బిల్లు చూశాక ఇంకే డాక్టరూ వద్దనుకున్నా. మళ్లీ వస్తుందేమోనని బస్సెక్కడం మానేశా, క్లాసులు మానేశా, అమ్మ ఫోన్ చేస్తే "తిన్నా, బాగున్నా" అని పెట్టేసేవాణ్ణి. చివరికి ఒక సబ్జెక్టు పోయి దాని ఫీజు మళ్లీ కట్టాల్సొచ్చింది. డబ్బు మిగులుతుందనుకుంటే అప్పు పెరిగింది.

నువ్వు అలా చేయొద్దు. చాలా యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ ఖర్చు నువ్వు కట్టిన ఫీజులోనే ఉంటుంది, అంటే మీ నాన్న డబ్బు ఇప్పటికే కట్టేశాడు, వాడుకో. నాకు సీబీటీ (భయపెట్టే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే కౌన్సెలింగ్) చేసినావిడ నన్ను మెట్లు గబగబా ఎక్కించి, గుండె కొట్టుకుంటుంటే పక్కనే కూర్చోబెట్టి "ఇప్పుడేమైంది, చూడు" అనేది. ఏమీ కాలేదు, దానంతటదే నెమ్మదించింది. దడంటే చావు కాదని ఒంటికి అలా అలవాటు చేశారు. తర్వాత బస్సులో ఒక్కో స్టాపూ పెంచుకుంటూ పోయా. డాక్టర్ మందులు రాస్తే వేసుకో, కొన్ని వారాలకు గానీ పనిచేయవు, మధ్యలో నీ అంతట నువ్వు ఆపకు. రూమ్మేట్ ఇండియా నుంచి తెచ్చుకున్న, ఆందోళన తగ్గించే మాత్ర ఆల్‌ప్రాజోలం మాత్రం అడిగి వేసుకోవద్దు, అది అలవాటు పడిపోతుంది.

కౌన్సెలింగ్‌కు పోయినంత మాత్రాన వీసా పోదు. చదవలేకపోతే డాక్టర్ కాగితంతో కోర్సులు తగ్గించుకోవచ్చు, కాకపోతే ముందు డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే కాలేజీ అధికారి) అనుమతి తీసుకోవాలి, ఆ రూల్స్ మీ కాలేజీ సైట్లో ఉంటాయి, చూసుకో. చచ్చిపోవాలనిపిస్తే ఏ టైమైనా సరే అక్కడి హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్.

కందుకూరులో ఉన్న మీ నాన్నకు కూడా చెప్పు. నీ చదువు అప్పు తలుచుకుని ఆయనకూ నిద్ర పట్టడం లేదన్నావు కదా, అక్కణ్ణుంచి 14416కి చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, పైసా తీసుకోరు.